తడి సంచి

మొన్న ఉదయం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో నీటి చుక్కలు కనిపించాయి. నాతోపాటు దిగుతున్న ఒక లాండ్రీ కుర్రాడి చేతిలో నీలం సంచి ఉంది. దాని అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కింద వాచ్‌మన్ అతణ్ణి ఆపాడు.

"ఏమప్పా, ఉతికి తెచ్చేటప్పుడు తడిగా ఉంటే సరే అనుకోవచ్చు. తీసుకుపోయేటప్పుడే తడేమిటి? ఇప్పుడే కదా తుడిచింది!"

"నన్నెందుకు అడుగుతావు? పైన అవ్వను అడుగు. వద్దమ్మా, మేము ఉతుకుతాము కదా అని వచ్చినప్పుడల్లా చెప్తాండా. వింటేనా! ఉతికే ఇస్తాది."

వాచ్‌మన్ గొణుక్కుంటూ తుడుపుకర్ర కోసం వెళ్ళాడు. నేను బయటికి పోవలసినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. ఆ పై అవ్వ ఎవరో నాకు తెలియదు. ఆమె ఇంట్లో మంచం మీద ఎవరున్నారో తెలియదు. కానీ ఆ సంచి మూతి ఆమె ఎలా బిగించి ఉంటుందో, తలుపు దగ్గర ఎలా నిలబడి ఇచ్చి ఉంటుందో కళ్ళతో చూసినట్టే తెలిసింది. మా మేనత్త పోయి ఏడాది కావస్తోంది.

మా ఊరు కోలారు దాటాక, ఆంధ్ర సరిహద్దులో ఉంటుంది. అక్కడ మా ఇంటిని అందరూ కోట అనేవారు. నిజానికి అది మట్టిగోడల పెద్ద ఇల్లు. మా తాత చివరిరోజులకే పొలాలు పోయాయి. తర్వాత ఇల్లు పోయింది. ఇల్లు కొన్నవాళ్ళు తలుపులూ ద్వారబంధాలూ ఊడదీసి వేరుగా అమ్ముకున్నారు. మాకు మిగిలినవి రెండే: గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చునే అలవాటు, తాతగారి కుర్చీ. అలవాటు అందరికీ వచ్చింది. కుర్చీ అత్తకు వచ్చింది.

ఆమె పెళ్ళినాటికే మా స్థితి దిగజారింది. రైల్వేలో గూడ్స్ గుమాస్తాగా ఉన్న మనిషికి ఇచ్చి చేశారు. పట్నం అంచున ఉన్న కాడుగోడిలో స్టేషనుకు దగ్గర, ఒక సరుకుల అంగడి పైన రెండు గదుల ఇంట్లో ఆమె కాపురమంతా గడిచింది. మెట్లు బయటినుంచే. మామ నవ్వుమొహం మనిషి. ఆమెను "రాణిగారూ" అని పిలిచేవాడు. "రాణిగారూ, కోటలో ఉప్పు అయిపోయింది, కిందకు దిగి తెమ్మంటారా?" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. కానీ ఆ పిలుపు వినపడకపోతే, ఏమయిందీయనకు అని వంటింట్లోనుంచి తొంగిచూసేది.

కుర్చీ ముందు గదిలో కిటికీ పక్కన ఉండేది. చేతులున్న పెద్ద టేకు కుర్చీ. అందులో ఎవరూ కూర్చునేవారు కారు. మామ మంచం అంచున కూర్చునేవాడు, నేను చాప మీద, ఆమె పీట మీద. ఒకసారి మామ తడిసిన చొక్కాను దాని వీపు మీద ఆరేశాడని చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగింది.

నన్ను ఆమె "చిన్నదొరా" అని పిలిచేది. కాడుగోడి సంతలో, చేతిలో బీన్సు సంచీతో, జనం మధ్యలో అలాగే కేకేసేది. కూరగాయలమ్మేవాళ్ళు తిరిగి చూసేవారు. నేను వీపు ఇంకొంచెం నిటారుగా చేసుకుని ఆమె దగ్గరికి నడిచేవాణ్ణి. ఆ పిలుపుకు తగ్గ మనిషి ఆ సంతలో ఎక్కడా లేడని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె పిలవడం మానలేదు, నేను పలకడం మానలేదు.

ఆమె నోటివెంట అలసట అన్న మాట వచ్చేది కాదు. ఎంత పని చేసినా, ఎప్పుడైనా చెంగుతో నుదురు తుడుచుకుని, "ఎండ ఎక్కువుండాది" అనేది. దానితోనే మాకు అర్థమయ్యేది.

మామకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. "ఊ" అనగలిగేవాడు, ఎడమచేయి ఎత్తగలిగేవాడు. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చాక అత్త అతని మాటలు కూడా తానే మాట్లాడటం మొదలుపెట్టింది. "ఏమంటావు? ఉప్పు తక్కువా? ఉప్పు తక్కువెయ్యమని డాక్టరు చెప్పినాడు, నన్నెందుకు తిడ్తావు?" అని అతనితో వాదించేది. ఆ వాదనల్లో ఎక్కువసార్లు ఆమే ఓడిపోయేది. మామ "ఊ" అనేవాడు. అప్పుడు ఆమె కొంచెం ఉప్పు వేసేది.

మంచానపడ్డ మనిషి ఉన్న ఇంట్లో అసలు పని గుడ్డలది. ఈ సంగతి బయటివాళ్ళకు తెలియదు. దుప్పటి, దాని మీద అడ్డంగా వేసే మడతగుడ్డ, పంచె, తువ్వాలు, మళ్ళీ దుప్పటి. వానాకాలంలో అవేవీ ఆరవు. ఆ రెండు గదుల్లో తాళ్ళు కట్టి, ఫ్యాను కింద ఆరేసేది. నేను ఆదివారాలు, నా ఇల్లున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి మారతహళ్ళి మీదుగా బస్సులు మారి వెళ్ళేసరికి దుప్పట్ల మధ్యనుంచి వంగి లోపలికి పోవలసి వచ్చేది. వాషింగ్ మెషీన్ కొనిస్తానన్నాను. పెట్టడానికి చోటెక్కడుంది అని గోడలు చూపించింది. పనిమనిషిని పెట్టిస్తానన్నాను. "ఆయన గుడ్డలు ఇంకొకరి చేత ఉతికించేదా?" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆమె మణికట్టు వాచింది. దుప్పట్లు పిండీ పిండీ వాచిన వాపు. డాక్టరమ్మ చూసి, మందు రాసి, ఆమెతో కాకుండా నాతో మాట్లాడింది. "ఈమె చెయ్యి పోతే ఆయన్ను మంచం మీద అటూ ఇటూ తిప్పేదెవరు? ఈమె పడిపోతే ఇద్దరికీ కష్టం. గుడ్డలు బయటికి ఇవ్వండి. లేదంటే ఆయన్ను ఏదైనా హోమ్‌లో చేర్చడం గురించి ఆలోచించండి."

అత్త పక్కనే కూర్చుని అంతా వింది. ఆటోలో వస్తూ, "హోము అంటే యాడ?" అని అడిగింది.

"ఊరికి దూరంగా ఉంటాయి. చూసుకునేవాళ్ళు ఉంటారు."

"ఆయనకు మాట రాదు. నేను మాట్లాడితే తప్ప ఆయన ఏమంటాండాడో ఎవురికీ తెలీదు. అక్కడ ఆయన తరఫున ఎవురు మాట్లాడ్తారు?"

ఆ వారమే ఫోనులో లాండ్రీవాళ్ళను కుదిర్చాను. ఇంటికే వచ్చి తీసుకుపోతారు, ఉతికి ఆరబెట్టి మడతపెట్టి తెచ్చిస్తారు. మంచానపడ్డవాళ్ళ పక్కగుడ్డలకు వేరే సంచి ఇస్తారు, లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, తీసింది తీసినట్టు వేయవచ్చు. ఇదంతా అత్తకు విడమరిచి చెప్పాను. హోము మాట విన్నాక ఆమె వద్దనలేదు.

వచ్చే మనిషిది నడివయసు. భారీ శరీరం. చిన్న బండి కింద పెట్టి, మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా తలుపు బయటే నిలబడి, తర్వాత తలుపు కొట్టేవాడు. బెల్లు నొక్కవద్దని, పేషెంటు నిద్రపోతుంటాడని నేను ముందే చెప్పి ఉంచాను. కాడుగోడిలోనే పుట్టిన మనిషి. అతని తెలుగు మా అత్త తెలుగులాగే ఉండేది, మధ్యమధ్య కన్నడం కలిసేది. మొదటిరోజు నేను అక్కడే ఉన్నాను. అతను సంచి ఎత్తి, మళ్ళీ కింద పెట్టి, మూతి విప్పి చూశాడు.

"ఏమ్మా ఇది? అంతా తడిపినారే?"

"తడపలేదు. ఉతికినాను."

"మీరే ఉతికేస్తే నేను తీసుకపోయి ఏం చేసేది? చూసి నమస్కారం పెట్టేదా?"

"నువ్వు మళ్ళా ఉతుకు. నేను ఒకసారి జాడించి ఇస్తాను. మా ఇంట్లో మైలగుడ్డ ఎవురి చేతికీ ఇయ్యరు."

అది నిజమే. కోటలో ఆడవాళ్ళు చాకలికి వేసే గుడ్డల్ని ముందుగా తామే ఒకసారి జాడించి, పిండి, మూట కట్టేవారు. మూటకు పైగుడ్డ ఇంట్లో ఉన్నవాటిలో మంచిది ఉండాలి. గడప దాటి వెళ్ళేది మురికిమూట అయినా చూసేవాళ్ళకు అలా కనబడకూడదు. మా నాయనమ్మ చేసింది, అత్త చేసింది. ఆ లాండ్రీవాళ్ళిచ్చిన సంచిలో కూడా ఆమె ఉతికిన గుడ్డలను మామ జరీఅంచు పంచెలో మూటకట్టి పెట్టింది. ఆ పంచె కూడా తడిసి ముద్దయింది.

ఆ మొదటిరోజే ఇంకొకటి జరిగింది. ఆమె లోపలికి వెళ్ళి కాఫీ కలిపి, స్టీలు గ్లాసులో పోసి తెచ్చి, తలుపు బయట పిట్టగోడ మీద పెట్టింది. "తాగిపో" అంది. అతను గ్లాసు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"డ్యూటీలో తాగనమ్మా" అని సంచి భుజానికెత్తుకుని దిగిపోయాడు. మెట్టు మెట్టుకూ నీళ్ళు కారాయి. కింద అంగడివాడు అరిచాడు.

కాఫీ పిట్టగోడ మీదే చల్లారిపోయింది. అత్త గ్లాసు తీసుకుని లోపలికి వచ్చింది. "అతనికి కాఫీ అలవాటు లేదేమో" అన్నాను.

"అలవాటు లేక కాదు" అంది. ఆ గ్లాసును చాలాసేపు తోమింది.

తర్వాత కొన్ని నెలలు అలాగే నడిచింది. అతను వచ్చేవాడు, తడిసంచి ఎత్తుకునేవాడు, ఏదో ఒకటి అనేవాడు. "అమ్మా, ఈ దినం సంచి కాదు, చెరువే ఇచ్చినారు." "అమ్మా, మా కంపెనీలో మిమ్మల్నే పనికి పెట్టుకుంటారంట, అడగమన్నారు." ఆమె ముఖంలో ఏమీ మారేది కాదు. ఉతికి వచ్చిన గుడ్డల అంచున వాళ్ళు గుచ్చే కాగితపు చీటీలను మాత్రం ఆమె సహించలేకపోయేది. గోటితో జాగ్రత్తగా ఊడదీసేది. "మన గుడ్డకు వాళ్ళ నెంబరేంది?" అనేది. మా ఊళ్ళో చాకలి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాడు కదా, అది ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు కదా అన్నాను. "అది మనిషి పెట్టిన గుర్తు" అంది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. బయట సన్నగా వాన. మామ మంచం మీదనుంచి ఆగకుండా "ఊ, ఊ" అంటున్నాడు. ఎడమచేయి స్నానాల గది వైపు చాపి ఉంది. అత్త అక్కడ నేల మీద కూర్చుని ఉంది. చీరంతా తడి. ఒళ్ళో సగం పిండిన దుప్పటి. జారి పడిందట. ఎప్పుడు పడిందో చెప్పలేదు. అక్కడా ఆమె గోడకు ఆనుకుని లేదు.

లేవదీయబోతే నా చేయి పట్టుకుంది. బరువంతా నా మీద వేసి లేచింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె బరువు నాకు తెలియదు.

"ఎండ ఎక్కువుండాది" అంది.

బయట వాన పడుతూనే ఉంది.

ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నేను హోము గురించి గట్టిగానే మాట్లాడాను. నువ్వు ఉతకడం మానవు, మళ్ళీ పడతావు, ఈసారి తుంటి విరుగుతుంది, అప్పుడు మామను పంపక తప్పదు, ఇష్టంతో పంపుతావో ఆసుపత్రి మంచం మీదనుంచి పంపుతావో నువ్వే చెప్పు అన్నాను. ఆమె మామ వైపు తిరిగి, "వింటివా? నిన్ను పంపిస్తాడంట చిన్నదొర" అంది. మామ "ఊ" అనలేదు. కళ్ళు మూసుకున్నాడు.

మార్పు నా మాటల వల్ల రాలేదు. వెనకవీపు చొక్కాల వల్ల వచ్చింది.

మంచం మీద ఉన్న మనిషికి చొక్కా తొడగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకు తెలుసు. పడిపోయిన చేయి వంగదు. అత్త మామ పాత చొక్కాలన్నిటినీ వీపు మధ్యన నిలువునా కత్తిరించి, అంచులు కుట్టి, మెడ దగ్గరా నడుము దగ్గరా నాడాలు పెట్టింది. ముందునుంచి చూస్తే బొత్తాలన్నీ పెట్టుకున్న నిండు చొక్కా. చేతులు దూర్చి, వెనక ముడివేస్తే చాలు. పలకరించడానికి ఎవరైనా వస్తే మామ ఆఫీసుకు బయలుదేరినవాడిలాగే ఉండేవాడు. ఆమెకు కావలసింది అదే.

ఆమె పడిన తర్వాత వచ్చిన ఆదివారం లాండ్రీ మనిషి ఉతికిన గుడ్డలు తెచ్చి ఇచ్చాడు. వెంటనే పోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట. ఈ చొక్కాలు కుట్టింది ఎవురు?"

"నేనే. యాల? చిరిగిందా?"

"చిరగలేదమ్మా. మా అమ్మ కూడా మంచంలో ఉండాది. రైక తొడిగేటప్పుడు మా ఆవిడ తొడగలేదు, మా అమ్మ తొడిగించుకోదు. ఇద్దరూ ఏడుస్తారు. మా అమ్మకు అట్లా వెనక కట్టుకునే రైక ఒకటి కుట్టిస్తారా అని. వేరేవాళ్ళను అడిగితే నవ్వుతారు."

అత్త వెంటనే, "కొలత కావల్ల. ఆమె తొడుక్కునే రైక ఒకటి తెచ్చియ్యి" అంది.

మరుసటిసారి అతను వచ్చిన రోజూ నేను అక్కడే ఉన్నాను. అతను ఉతికిన గుడ్డలు ముందు ఇచ్చాడు. తర్వాత చొక్కా లోపలినుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. తీసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు. ఊళ్ళో అందరి గుడ్డలూ మోసే మనిషికి ఆ చిన్న కవరు ఇవ్వడానికి చేయి రావడం లేదు.

"ఉతికి తెద్దామనుకుంటిని అమ్మా. ఉండేవి రెండే రైకలు ఆమెకు సరిపోయేవి. ఒకటి ఒంటిమీదుండాది. ఇది తీసిందే. ఉతికితే ఆరదు, ఈ వానకు. అట్లే తెస్తిని. నూనె వాసన, ఇంకా... బేజారు చేసుకోవద్దండి."

అత్త చేయి చాపింది. కవరు తీసుకుని, అతని ముందే రైక బయటికి తీసింది. పాతబడిన ఎర్రరైక. గది దాకా వాసన వచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, భుజం కుట్టు చూసి, చంక దగ్గర వేలు పెట్టి చూసి, "మీ అమ్మ సన్నపడిపోయిందే" అంది.

"అవునమ్మా. మంచిగా ఉండె ముందు."

"రెండు కుడతాను. కూర్చో."

అతను కూర్చోలేదు. ఆమె రైకను మడతపెట్టి తన పీట పక్కన పెట్టి, స్నానాల గదిలోకి వెళ్ళింది. నీళ్ళు తిప్పిన చప్పుడు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆమె ప్లాస్టిక్ పొర ఉన్న సంచిలో ఆ ఉదయం మామ కిందనుంచి తీసిన దుప్పటిని తీసింది తీసినట్టు వేసుకుని బయటికి వచ్చింది. పైగుడ్డ లేదు, మూట లేదు. మూతి లాగి, సంచి అతని చేతిలో పెట్టింది. ముఖం మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది.

అతను సంచి ఎత్తాడు. ఏదో హాస్యం ఆడతాడనుకున్నాను. ఆడలేదు. "పోయివస్తానమ్మా" అన్నాడు.

"ఉండు" అని ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ గ్లాసు తెచ్చి పిట్టగోడ దాకా పోకుండా అతని చేతికే ఇచ్చింది. అతను గడప లోపల నిలబడి తాగాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. ఎక్కువ కాలేదని ఆమె అంది. మామ మంచం మీదనుంచి "ఊ" అన్నాడు.

"చూస్తిరా, ఆయన కూడా ఎక్కువైందనే అంటాండాడు" అని అతను నవ్వాడు.

ఆమె ఎప్పుడూ అతనికి క్షమాపణ చెప్పలేదు. ఆ మాట పలకడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. రైకలు కుట్టి ఇచ్చింది. తర్వాత ఇంకొన్ని కుట్టింది. అతను బండి మీద తిరిగే ఇళ్ళలో మంచానపడ్డవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళనుంచీ పాత చొక్కాలు, నైటీలు అతని చేత ఆమె దగ్గరికి వచ్చేవి, వీపులు తెరిపించుకుని వెళ్ళేవి. గుడ్డలు పిండని చేయి సూదికి వచ్చింది. వాపు తగ్గింది. మామను పక్కకు తిప్పడానికి, కూర్చోబెట్టి తినిపించడానికి, అతనితో పోట్లాడటానికి ఆమెకు ఓపిక మిగిలింది. హోము మాట మళ్ళీ రాలేదు. మామ తన మంచం మీదే, వెనక నాడా కట్టిన తెల్లచొక్కాలో పోయాడు.

ఆ రోజు ఊరినుంచి బంధువులు వచ్చారు. పెద్దరికం మా పెదనాన్న కొడుకు తీసుకున్నాడు. వయసులో నాకు అన్న, మాటలో అందరికీ అన్న. పాడె సిద్ధమవుతుండగా లాండ్రీ మనిషి వచ్చాడు. యూనిఫాం చొక్కా లేదు, ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతిలో పూలదండ ఉంది. మామ పాదాల దగ్గర దండ పెట్టి, నమస్కరించి, మెట్ల తలవాకిట ఒక పక్కన నిలబడ్డాడు.

మా వైపు పెద్దింటి మనిషి పోతే పాడె ముందు దారిలో చాకలి గుడ్డలు పరుస్తూ పోతాడు. పాడె ఆ గుడ్డల మీదుగా నడుస్తుంది. ఊళ్ళో అయితే ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడ ఎవరు చేస్తారని అన్న అటూ ఇటూ చూశాడు. ఎవరో అతనికి చెవిలో చెప్పారు.

"ఆ గుడ్డల బండాయన వచ్చినాడు కదా!" అన్నాడు అన్న, అందరికీ వినబడేట్టుగా. "ఇంక యోచన ఏంది? ఏమప్పా, మీరు ఆ కులమే కదా? రా, పట్టు ఈ గుడ్డలు."

అతను కదలలేదు. మెల్లగానే అన్నాడు: "మా తాత ఉతికినాడప్పా. మా నాయన ఫ్యాక్టరీకి పోయినాడు. నేను బండి తోల్తాండా."

"అదే చెప్తాండా నేనూ. నీ చేతనే అయ్యేది."

ఇంతలో లోపలినుంచి అత్త గొంతు వచ్చింది. శవం పక్కన కూర్చుని ఉంది.

"ఆయన పనికి రాలేదు. పలకరించను వచ్చినాడు."

అన్న చాచిన గుడ్డల మూట అతని చేతిలోనే ఉండిపోయింది.

"చిన్నదొరా, ఆయనకు కుర్చీ ఎయ్యి."

"ఏ కుర్చీ?" అని అడిగాను. అడిగి ఉండకూడదు.

"ఇంట్లో ఉండేది ఒకటే కదా."

కిటికీ పక్కనున్న కుర్చీ ఎత్తాను. నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. దానిని బయటికి తెచ్చి మెట్ల తలవాకిట వేశాను. అన్న నా వైపు చూశాడు. లాండ్రీ మనిషి కుర్చీని చూసి, లోపల కూర్చున్న ఆమెను చూసి, మెల్లగా కూర్చున్నాడు. వీపు ఆనించలేదు. అంచున, నిటారుగా కూర్చున్నాడు.

"మరి గుడ్డలు ఎవురు పరిచేది?" అన్నాడు అన్న. గొంతు తగ్గింది, కానీ ప్రశ్న అలాగే ఉంది.

అత్త నా వైపు చూసింది. నన్ను అడగలేదు. అడిగి ఉంటే బహుశా కాదనేవాణ్ణి. ఆ చూపుకు మాత్రం కాదనలేకపోయాను. మూటలోని గుడ్డలు తీసుకున్నాను. అవి మామ దుప్పట్లే, ఉతికి మడతపెట్టి వచ్చినవి. మెట్లు దిగి, అంగడి ముందునుంచి, స్టేషను రోడ్డు మలుపు దాకా, పాడె ముందు నడుస్తూ ఒక్కొక్క గుడ్డా పరుస్తూ, పాడె దాటినదాన్ని వెనకనుంచి తీసుకువచ్చి మళ్ళీ ముందు పరుస్తూ పోయాను. ప్రతిసారీ నడుము వంచాలి. మా ఊరివాళ్ళు చూశారు. కాడుగోడి అంగళ్ళవాళ్ళు చూశారు. మా వంశంలో ఆ పని చేసినవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరు.

తిరిగి వచ్చాక అత్త ఒకటే మాట అంది. "మడతలు సరిగ్గా తియ్యలేదు నువ్వు. పైనుంచి చూస్తాంటి."

మామ పోయాక కూడా ఆమె కుట్టడం మానలేదు. లాండ్రీ మనిషి వచ్చినప్పుడల్లా కాఫీ, చక్కెర గురించి గొడవ. ఒక ఉదయం నిద్రలోనే పోయింది. ఆమెకు మంచాన పడే అవసరం రాలేదు. అది ఆమెకు నచ్చి ఉంటుంది.

కర్మలన్నీ అయ్యాక ఇల్లు ఖాళీ చేయడానికి నేను ఒక్కణ్ణే వెళ్ళాను. కుర్చీ కిటికీ పక్కనే ఉంది. పీట పక్కన ఎవరిదో సగం కుట్టిన నైటీ ఉంది. మంచం మీదనుంచి తీసిన ఆమె ఆఖరి దుప్పటిని ఎవరో స్నానాల గదిలో బకెట్లో పడేసి ఉన్నారు. చనిపోయిన మనిషి కింది దుప్పటి అది. మరకలతో, చూసేవాళ్ళ కంట పడకూడనట్టే ఉంది.

నేను నీళ్ళు తిప్పాను. ఆలోచించి తిప్పలేదు. చేయి దానంతటదే పోయింది. బకెట్లోకి ధార పడబోతుండగా తలుపు మీద చప్పుడైంది. బెల్లు నొక్కలేదు. బయట ఆయాసం తీర్చుకుంటున్న మనిషి ఉన్నాడు.

నీళ్ళు కట్టేశాను. దుప్పటిని పొడిగా ఉన్నది ఉన్నట్టు సంచిలో వేసి, మూతి లాగి తెచ్చి, అతని చేతిలో పెట్టాను.

అతను సంచి అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు.

"తడపలేదే?"

"లేదు."

అతను తల ఊపాడు. కాఫీ ఇవ్వడానికి ఇంట్లో ఏమీ లేదు. అతనూ అడగలేదు. సంచిని భుజానికి ఎత్తుకోకుండా, రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని దిగాడు. నేను పిట్టగోడ దగ్గర నిలబడి, అతను బండి చేరేదాకా చూశాను. మెట్ల మీద ఒక్క చుక్క పడలేదు.